ఓవర్సీరు తేల్చిన లోతు

కట్టంగూరు పక్క పల్లెల్లో నీరటి పని మగవాళ్లదే. కుంట తూము తీయడం, ఏ మడికి ఎన్ని నీళ్లో పంచడం, నీళ్లు చాలకపోతే తిట్లు తినడం, అన్నీ మగవాడి వంతు. పోలీసు చర్య తర్వాత సాలమ్మ మొగుడు ఎల్లస్వామిని, దొరల మీద తిరగబడ్డ సంఘపోడని మిలిటరీ క్యాంపుకు పట్టుకుపోయారు. మనిషి తిరిగి రాలేదు. సాలమ్మ ఎవరినీ అడగకుండా అతని పార భుజాన వేసుకుంది. నీరటి మాన్యంగా కుంట కింద చిట్టచివరి ఎకరం వాళ్లది. అది పండితేనే ఆమెకూ, ఇద్దరు ఆడపిల్లలకూ ఏడాది బువ్వ.

రజాకార్ల గోలలో కూలిన తూమును మళ్లీ కట్టాలని నలభై తొమ్మిది ఎండాకాలంలో సర్కారు రఘుపతి అనే ఓవర్సీరును పంపింది. ఏం మనిషయ్యా అతను! ఇస్త్రీ లాగు, నెత్తిన టోపీ, చంకలో పుస్తకం. బురద అంటితే కులం పోతుందన్నట్టు నడక.

తూము కుంటలో అన్నింటికన్నా పల్లంలో ఉండాలి. లేకపోతే ఆఖరి నీళ్లు కుంటలోనే ఉండిపోయి చివరి మడి ఎండుతుంది. ఇది పల్లెలో పసిపిల్లకైనా తెలుసు. రఘుపతి తూర్పు కొస నుంచి కట్ట వెంబడి పది అడుగులకోసారి కొలకర్ర నిలబెట్టించి, నేల ఎంత దిగిందో రాసుకుంటూ వచ్చాడు. ఒకచోట దిగుడు అర అంగుళం కన్నా తగ్గింది. టప్పున పుస్తకం మూశాడు.

"దొరికింది. ఇదే పల్లం."

సాలమ్మకు ఒళ్లు మండింది. "గదెట్ల సారూ?"

"అర అంగుళం కన్న తక్కువ దిగితే పల్లం వచ్చినట్టే. పుస్తకంల ఉన్నది."

"నేల జర సదునైతే అయిపోయినట్టేనా? గుట్ట దిగే ఎద్దు దమ్ము కోసం ఆగితే గుట్ట అయిపోయిందంటవా? గా పడమటి కొస నుంచి గూడ గిట్లనే కొలుసుకుంట రా. ఎటు నుంచి వచ్చినా ఒక్క జాగనే దొరకాలె. అప్పుడు నమ్ముత."

చుట్టూ మూగిన రైతులు కిసుక్కున నవ్వారు. రఘుపతి పౌరుషానికి పోయి పడమటి నుంచి కొలిచాడు. ఈసారి డెబ్బై అడుగుల అవతల, మొదటి దానికన్నా మూరెడు లోతున ఆగాడు. మనిషన్నవాడైతే తప్పు ఒప్పుకుని లోతున్న చోటే తీసుకుంటాడు. ఈ మహానుభావుడు ముఖం గంటు పెట్టుకుని, రెండు గుర్తులకూ సరిగ్గా నడుమ సున్నం గీత గీయించాడు.

"రెండు కొలతలకూ న్యాయం అయితది," అన్నాడు.

ఆ నడుమ ఉన్నది దిబ్బ! ఛాతీ ఎత్తు దిబ్బ! గాడిదకైనా కనిపిస్తుంది.

"దిబ్బ మీద తూమా? నీ సదువు మీద మన్నుబొయ్య!" అంది సాలమ్మ.

"ఏమే, నువ్వు గూడ సంఘపుదానివేనా? క్యాంపుకు కబురు పెట్టాల్నా?"

నవ్విన నోళ్లన్నీ మూతబడ్డాయి. ఊరిపెద్ద లింగస్వామి పటేలైతే ఏమీ విననట్టు మీసం సవరించుకున్నాడు. వాళ్లందరి మడులూ పైన, తూము పక్కనే కదా, నీళ్లు ముందు పారేది వాళ్లకే, పోయేదేముంది? పిల్లలు గుర్తొచ్చి సాలమ్మ కూడా నోరు మూసుకుంది. అందుకు తనను తాను తిట్టుకున్నంతగా రఘుపతిని కూడా తిట్టలేదు.

తూము దిబ్బ మీదే లేచింది. కార్తీకంలో సాలమ్మ వరి పొట్టకొచ్చిన వారానికే తూములో నీళ్లు ఆగిపోయాయి. తల్లీపిల్లలు పది రోజులు కుంట నీళ్లు కడవలతో మోశారు. చేను వెన్ను తీయకుండానే ఎండింది.

ఆ తర్వాత పెద్ద ఇంజినీరు తనిఖీకి వచ్చాడు. కుంట మీద నాచు దట్టంగా కమ్ముకుని ఉంది. రఘుపతి తూములో చెయ్యి పెట్టి, తడి లేని వేళ్లు చూపించాడు.

"కుంట ఖాళీ సాబ్. పారుడు బంద్ అయింది. మిగిలింది ఉత్త బురద."

సాలమ్మ అతని వంక చూసి తుపుక్కున ఉమ్మి, కట్ట దిగి నాచులోకి నడిచింది. నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుము దాటాయి. చంకల దాకా వచ్చాక ఆగి ఇటు తిరిగింది. రఘుపతి పుస్తకంలో తల దూర్చాడు.

"బయటికి రా అమ్మా," అన్నాడు ఇంజినీరు. "వచ్చే ఎండాకాలం తూము మార్పిస్త."

"అందాక నా పిల్లలకు గీ నీళ్లే తాపాల్నా సారూ?"