చెప్పుల కాపలా

ఆ రోజుల్లో నాకొక జబ్బుండేది. ఎవరైనా దిగులుగా కనబడితే చాలు, టికెట్లు బుక్ చేసేవాణ్ణి. అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్ళో ముగ్గురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మాలో పొడుగోడు వాళ్ళ నాన్న పోతే ఇండియా వెళ్ళి, కర్మలన్నీ చేసి తిరిగొచ్చాడు గానీ, మాటలు అక్కడే వదిలేసి వచ్చినట్టుండేవాడు. ఆఫీసు, గది, అంతే. వాణ్ణి మళ్ళీ మనుషుల్లో కలపాలని మెక్సికోలోని కాంకూన్‌కి ట్రిప్ వేశాను, అందులో ఒక రోజు మాయన్ల శిథిలాలకి. నా ఫోన్‌లో అక్కడి పిరమిడ్ ఫొటో చూడగానే వాడు ఫోన్ తిరిగి నా చేతికిచ్చేశాడు.

"ఇది గుడి కదరా. ఇంకా సంవత్సరీకం కాలేదు, నేను మెట్లెక్కకూడదు. మీరెళ్ళి రండి."

మూడోవాడు వరంగల్‌వాడు. వాదనకి దిగితే వదలడు గనక లాయర్ అనేవాళ్ళం. "అరే, దేవుడు ఖాళీ జేసి ఎన్నేండ్లయిందో! ధూపం లేదు, దీపం లేదు. గుడెట్లయితదిరా?" అన్నాడు. "ఖాళీ చేసినా గుడి గుడే," అన్నాడు పొడుగోడు. పోనీ గుడి కాదు, కొండ అనుకుందామని నేను రాజీ కుదర్చబోయాను (కొండ కూడా ఎక్కకూడదని అప్పటికి నాకు తెలియదు). చివరికి వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. ఆవిడ అడక్కపోయినా బస్సు, భోజనం, రిఫండ్ అన్నీ వివరించాను. అంతా విని ఆవిడ కొడుకుతోనే మాట్లాడారు.

"మీ నాన్నగారు ఏ గుడికెళ్ళినా లోపలికి వచ్చేవారు కాదు కదరా. 'మీరెళ్ళండి, చెప్పులు నేను చూస్తా' అని గేటు దగ్గరే ఉండిపోయేవారు. నువ్వూ అలాగే కింద నిలబడు నాన్నా. వాళ్ళని పంపేసి గదిలో ఒక్కడివే కూర్చోకు."

పొడుగోడు నవ్వబోయి ఏడ్చేశాడు. తిరిగొచ్చాక వాడు ఏడవడం అదే మొదలు.

తీరా వెళ్ళి చూస్తే పిరమిడ్ చుట్టూ తాడు కట్టి ఉంది, అసలు ఎవరూ ఎక్కకూడదట. అన్ని రివ్యూలు చదివిన నాకు ఆ ముక్క ఒక్కటే కనబడలేదు. లాయర్ తిట్లు లంకించుకున్నాడు. పొడుగోడు మాత్రం నెమ్మదిగా, "ఒకసారి చుట్టూ తిరిగి రండిరా. షూస్ ఇక్కడ విప్పండి, నేను చూస్తా," అన్నాడు. మిట్టమధ్యాహ్నం, నేల పెనంలా ఉంది. లాయర్ కూడా వాదించలేదు. ఇద్దరం విప్పేసి, కాళ్ళు కాలి గెంతుకుంటూ ప్రదక్షిణం చేశాం. ఎవరో టూరిస్టులు వీడియో కూడా తీశారు. తిరిగొచ్చేసరికి వాడు మా రెండు జతల పక్కన చేతులు కట్టుకుని నిలబడి, చాలా నెలల తర్వాత నవ్వుతున్నాడు.

ఇప్పుడు పండగకి ఇక్కడి గుడికెళితే పొడుగోడూ నేనూ షూ రాక్ దగ్గరే కాసేపు ఆగిపోతాం. "డాడీ, అంకుల్, ఇక్కడ షూస్ ఎవరూ స్టీల్ చెయ్యరు," అంటుంది వాడి కూతురు, విసుగ్గా.

"తెలుసమ్మా," అంటాను. "నువ్వెళ్ళు, మేం చూస్తాం."