లేహ్‌లో మా బావగారి వెచ్చటి గది

మా బావగారు పోయారన్న కబురు నాకు బడిలో ఉండగా వచ్చింది. రాజోలులో ఏడో తరగతికి పాఠం చెబుతున్నాను. హెడ్మాస్టారు గుమ్మంలోకి వచ్చి, "మేడమ్, ఒక్కసారి బయటికి రండి. మీ అక్కగారి ఊరి నుంచి ఫోనండి" అన్నారు. ఆ గొంతు వినగానే నాకు సంగతి తెలిసిపోయింది. పొద్దున్న కాఫీ తాగి, పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట.

బస్సు దిగి ఐనవిల్లి దగ్గర వాళ్ల ఊరు చేరేసరికి ఇంటి నిండా జనం. "మంచాయనేనండీ. కానీ ఎవరితోనూ కలిసేవారు కాదు. పుల్లవిరుపు మనిషి" అని ఎవరో అంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి సంగతి ఆ వాకిట్లో తెలిసినవాళ్లం ఇద్దరమే. అక్క మాట్లాడే స్థితిలో లేదు. నేను ఆ పూట నోరు మూసుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఆయనది రోడ్ల పనుల్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. లడఖ్‌లోని లేహ్‌లో వేశారు. ఎడారి అంటే ఇసుకా ఎండా అనుకునే మా కోనసీమ వాళ్లకి, మంచుకొండల మధ్య చలి ఎడారి ఒకటుంటుందని చెప్పి ఒప్పించడమే కష్టం. వాన ఉండదు, పచ్చదనం అంతంతమాత్రం, చలికాలంలో బకెట్లో నీళ్లు రాయి అయిపోతాయి. అక్క ఇక్కడ అత్తమామల దగ్గర ఉండేది. ఆయన ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవారు. వచ్చిన నెల రోజులూ చుట్టాలతోనే సరిపోయేది.

తొంభైల్లో ఓ ఏడాది ఆయన పట్టుబట్టారు, అక్కని తీసుకెళతానని. వాళ్లమ్మగారు, అంటే అక్క అత్తగారు, చివరికి ఒప్పుకున్నారు గానీ ఊరికే ఒప్పుకోలేదు. "ఈ ఒక్క చలికాలం ఉండి చూడమ్మా. తట్టుకున్నావా, అక్కడే కాపురం పెట్టుకో. తట్టుకోలేక వచ్చేసేవా, ఇంక ఆ మాట ఎత్తొద్దు" అన్నారు. బి.ఎడ్. పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నాను కదా, తోడుగా నన్ను పంపారు.

బావగారు అద్దెకి తీసుకున్నది ఎప్పటిదో పాత మట్టి ఇల్లు. గోడలు లావుగానే ఉన్నాయి. పైన కర్ర దూలాలు, వాటి మీద పుల్లలు, ఆపైన గడ్డీ మట్టీ. చూస్తే దిట్టంగా ఉంటుంది. కానీ ఆ పొడిగాలికి కిటికీల చట్రాలు ఎండి ముడుచుకుపోయి, చుట్టూ వేలు పట్టేంత సందులు. ముందు వేసవిలోనే ఆయన మన ఊరి నుంచి కొబ్బరి పీచు మూటలు తెప్పించుకున్నారు. "ప్రపంచంలో ఎవడైనా హిమాలయాలకి పీచు పంపుతాడా?" అని వాళ్ల నాన్నగారు లారీ ఆఫీసులో నిలబడి విసుక్కున్నారట. ఆ పీచుని గోనెసంచుల్లో కూరి, పరుపుల్లా కుట్టించి, దూలాల కింద వరసగా బిగించి గుడ్డ కప్పారు. ఎండ తగలని ఉత్తరం గోడకి కర్ర చట్రం కొట్టి అందులోనూ పీచు నింపారు. కిటికీలకి రెండు పొరల ప్లాస్టిక్. కింద గోనె, దాని మీద పీచు చాప, దాని మీద అక్కడి ఉన్ని తివాచీ.

"ఇంత హంగామా ఎందుకు బావగారూ, ఇంకో పొయ్యి పెడితే పోదా?" అన్నాను.

"చలిని తోలెయ్యలేం మరదలా. ఉన్న వెచ్చదనాన్ని పోవద్దని బతిమాలుకోవాలి" అన్నారు.

పొద్దున్నే స్నానం చేసి అగరుబత్తి వెలిగించి కిటికీల దగ్గరా గుమ్మాల దగ్గరా తిప్పేవారు. ఇన్నాళ్లకి భక్తి కుదిరిందని అక్క మురిసిపోయింది. తీరా చూస్తే ఆ పొగ ఎటు వంగుతుందో చూస్తున్నారు. వంగిన చోట గాలి దూరుతున్నట్టు. వెంటనే పాత కంబళి ముక్క తెచ్చి ఆ సందులో కుక్కేవారు. పొయ్యి గొట్టం పక్కన బెజ్జం ఒకటి మాత్రం వదిలేశారు. "అది మన ఊపిరికి. దాని జోలికి మాత్రం వెళ్లకండి" అని ఇద్దరికీ గట్టిగా చెప్పారు.

ఇక మా అక్క సంగతి. వెళ్లిన మర్నాడు పొద్దున ఆయన ఆఫీసుకి వెళ్లగానే అలవాటుగా తలుపులు బార్లా తెరిచింది. పొద్దుటే తలుపులు వేసున్న ఇల్లంటే మనకి అశుభం కదా. గదులు ఊడ్చింది. పొయ్యి మీద కాగుతున్న నీళ్లు చెంబుతో తీసుకెళ్లి వాకిట్లో కళ్లాపి చల్లింది. ముగ్గు వేద్దామని వంగేలోపే కళ్లాపి గాజుపలకలా గడ్డకట్టింది. ఇంటివాళ్ల ముసలావిడ అటుగా వచ్చి, కాలు జారి, మా అక్క మెడ పట్టుకుని వేలాడింది. ఇద్దరూ కలిసి కూలబడ్డారు. దెబ్బలేం తగల్లేదు గానీ, గదిలో కూడబెట్టిన వెచ్చదనమంతా ఆ కాసేపట్లో పోయింది. సాయంత్రం దాకా ముగ్గురం రజాయిల్లో ముడుచుకు కూర్చున్నాం, ఆ ముసలావిడతో సహా.

బావగారు వచ్చి సంగతి విని కోప్పడలేదు. "లక్ష్మీదేవికి కూడా చలేస్తుందండి. కిటికీ లోంచి చూసి లోపలికి వచ్చేస్తుందిలే" అన్నారు అక్కతో. పెళ్లాన్ని అప్పుడప్పుడు అలా 'అండి' అనడం ఆయనకి సరదా.

ఆ తరవాత అక్క తలుపు తియ్యడం మానేసింది. గది నిజంగా వెచ్చగా ఉండేది. బయట ఊపిరి మీసాల మీద గడ్డకడుతుంటే లోపల మేం స్వెట్టర్లు విప్పి కూర్చునేవాళ్లం. అయినా అక్క చిక్కిపోతోంది. ఓ రోజు కూరలు తరుగుతూ తరుగుతూ ఏడ్చేసింది.

"చలేస్తోందా?" అన్నాను.

"చలి కాదే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మనిషి గొంతు వినపడదు. కాకి లేదు, ఆటో లేదు, పక్కింటి పిలుపు లేదు. నీళ్లలో మునిగినట్టుంది."

"నేను లేనా ఏంటి?"

"నువ్వు రేపో మాపో వెళ్లిపోతావు. తరవాత నేనూ ఈ గోడలూ. ఉండలేనే, మీ బావగారితో ఎలా చెప్పను?"

చెప్పక్కర్లేకపోయింది. ఆయన అప్పుడే వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటున్నారు. ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ ముఖం చూడలేక నేను పొయ్యిలో కర్ర ఎగదోసే వంక పెట్టుకున్నాను. చలి అడ్డమని ఆయన అనుకున్నారు. చలిని ఆపిన ఆ పీచే మనుషుల గొంతుల్నీ ఆపేసిందని అప్పటిదాకా ఆయనకి తట్టలేదు, నాకూ తట్టలేదు.

మా గదికీ ఇంటివాళ్ల వంటగదికీ మధ్య సన్నటి నడవ ఉండేది. ఆ నడవ మంచుగడ్డలా ఉంటుందని, అటువైపు కిటికీని ఆయన బల్లలు కొట్టి పీచుతో కూరేశారు. ఆదివారం పొద్దున్న సుత్తి తీసుకుని ఆ బల్లలన్నీ ఊడదీశారు. పీచు బయటికి లాగేశారు. ఒక్కసారిగా చలి లోపలికి కొట్టింది. దాంతోపాటే అవతలి వంటగదిలో గిన్నెల చప్పుడు, పిల్లల కొట్లాట, ముసలావిడ దగ్గు, రేడియో పాట. అక్క చేస్తున్న పని ఆపేసి కిటికీ వైపు తిరిగింది.

"ఇంత కష్టపడి కూరేరు, పీకేసేరేంటండీ?" అంది.

"నాకు ఇంకో స్వెట్టరు ఉందిలే" అన్నారాయన.

అప్పట్నుంచి మేం గదిలో కూడా స్వెట్టర్లతోనే ఉన్నాం. కానీ ఆ కిటికీలోంచి ముసలావిడ కోడలు ఉప్పు వేసిన వెన్న టీ అందించేది. అక్క ముఖం చిట్లించుకుని తాగేది. అక్క పులిహోర ఇస్తే ఆవిడ ఒక కన్ను మూసుకుని తినేది. అక్కేమో తెలుగులో, ఆవిడేమో లడఖీలో, గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఏం మాట్లాడుకున్నారే అని అడిగితే, "వాళ్ల ఆడపడుచు మంచిది కాదట" అని అక్క నమ్మకంగా చెప్పేది.

మంచు కరిగే రోజుల్లో ఓ మధ్యాహ్నం అక్క నాతో, "నువ్వెళ్లు. నేను ఉంటానే" అంది. బావగారికి ఈ మాట నేనే చెప్పాను. ఆయన "ఆయ్" అన్నారు. తరవాత ఇంటి మీదకెక్కి, ఏ పనీ లేకపోయినా చాలాసేపు అక్కడే తిరిగారు.

ఆ వారంలోనే ఇంటి నుంచి కబురు. అక్క అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అక్కా నేనూ కలిసే తిరిగొచ్చేశాం. ఆవిడ ఏళ్ల తరబడి మంచంలో ఉన్నారు. తరవాత మామగారి వంతు. అక్క మళ్లీ లేహ్ వెళ్లలేదు.

ఆయన మాత్రం అక్కడే ఉన్నారు, అదే గదిలో. సెలవు మీద వచ్చినప్పుడు, "ఈసారి ఉత్తరం గోడకి ఇంకో పొర వేసేను మరదలా" అనేవారు. ఒకసారి ఉండబట్టలేక, "ఎవరికోసం బావగారూ?" అన్నాను.

"ఇంటికోసం" అన్నారు.

"మరి ఆ నడవ వైపు కిటికీ?"

"అది మూయలేదు. మీ అక్క వస్తే ముందు అదే కదా చూస్తుంది."

నాకు ఏడుపొచ్చింది. పక్కనే ఉన్న మా ఆయన నలుసు పడిందా అని అడిగాడు. ఒంటరితనం అంటే నేను ఆ మనిషిలోనే చూశాను. ఒక్కడే చలి కాచుకుంటూ, ఇద్దరికి సరిపడా గదిని ఏటా బాగుచేసుకుంటూ బతికారు.

రిటైరై ఊరొచ్చాక అయినా సుఖపడ్డారా అంటే, ఏం చెప్పను. మాది పెంకుటిళ్ల సీమ. ఆ ఇంటికి నాలుగు వైపులా తలుపులు, నాలుగింటిలోంచీ మనుషులు. పెద్దకోడలిగా ఇల్లు నడిపీ నడిపీ అక్క ఊరందరికీ కావలసిన మనిషైపోయింది. పాలవాడూ, పాలేరూ, పెళ్లి కబుర్లవాళ్లూ, అందరికీ ఆవిడతోనే పని. "మరదలా, ఇక్కడ మీ అక్కతో ఓ మాట చెప్పాలంటే టోకెన్ తీసుకోవాలి" అని నవ్వేవారాయన. నేనూ నవ్వాను. అలా అరుగు మీద పేపరు పట్టుకుని తన వంతు కోసం కూర్చున్న మనిషినే ఊరు కలవడు అంది.

పెద్దకార్యం అయ్యాక చుట్టాలందరూ వెళ్లిపోయారు. నేను ఒక రోజు ఆగాను. మిట్టమధ్యాహ్నం, ఉక్కపోతలో, అక్క లేచి పెరటి తలుపు వేసింది. పక్క తలుపు గడియ పెట్టింది. ఒక్కొక్క కిటికీ మూస్తూ వస్తోంది.

"ఏంటే ఇది? ఊపిరాడొద్దూ?" అన్నాను.

"నువ్వు కాసేపు బయట కూర్చోవే. ఈ ఇంట్లో ఆయనతో ఒక్క పూట తలుపేసుకుని కూర్చోలేదు" అంది.

నేను బయటికొచ్చి వీధి తలుపు దగ్గరికి లాగాను. కాసేపటికి పక్కింటావిడ కూర గిన్నె పట్టుకుని వచ్చింది. "అక్కగారు పడుకున్నారాండీ?" అంది.

"లేదండీ, లోపలున్నారు. తరవాత రండి" అన్నాను.

తరవాత పాలేరు వచ్చాడు, ఎవరో పిల్లలొచ్చారు. పొద్దువాలే దాకా నేను ఆ గుమ్మానికి అడ్డంగానే కూర్చున్నాను.