మా ఆయన గొంతుకు సరిపడే పెట్టె

ఉత్తరాలు తగ్గిపోయి, ఫోను ఇంకా ఇంటింటికి రాని కాలం ఒకటి నడుమ ఉండె. ఆ రోజుల్లో మా పెద్దపల్లి దిక్కు దుబాయికో మస్కట్‌కో పోయినవాళ్ల మాటలు క్యాసెట్లలో వచ్చేవి. అక్కడ రూములో టేపు ముందట కూర్చొని ఒక గంట మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఇక్కడ ఇంటిల్లిపాది చాప మీద కూర్చొని వినేది. ఇప్పటి పిల్లలు ఫోను తీసి మొగునితో అరనిమిషం మాట్లాడి "ఏం లేదు, ఊకెనే చేసిన" అని పెట్టేస్తుంటే నాకు సంతోషమూ అయితది, నవ్వూ వస్తది. ఊకెనే మాట్లాడే భాగ్యం మాకు ఉండకపోయె. అయినా దేవుడు మాకు ఏమీ తక్కువ చేయలే. క్యాసెట్టును ఎన్నిసార్లయినా వెనుకకు తిప్పి వినొచ్చు; ఎదుట కూర్చున్న మొగున్ని అట్ల తిప్పి వినగలమా?

నాకు పెండ్లయిన నలభై ఆరో నాడు ఆయన బొంబాయి బండెక్కిండు. ఆ నలభై ఆరు దినాల్లో ఒడిబియ్యాలు, మొక్కులు, చుట్టాల ఇండ్లల్లో భోజనాలు పోను మేమిద్దరం ఎదురెదురుగ మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఆయనకు మాట పొదుపు, నాకు సిగ్గు ఎక్కువ. నేను బడి మొఖం చూడలే. మా బాపు ఇంట్లనే అక్షరాలు దిద్దించి, పురాణాలు చదివించి, కూడికలు తీసివేతలు నేర్పిండు. కాని మొగునితో ఏం మాట్లాడాలె అన్నది మాత్రం నేర్పలే (అది మీ బాపుకే రాదు, నీకేం నేర్పుతడు అని మా అవ్వ అనేది). ఏదో ఒకటి మాట్లాడుదామని నేను ధైర్యం తెచ్చుకునే సరికే ఆయన పెట్టె సర్దుకునే దినం వచ్చింది.

పోయిన ఆరు నెలలకు ఊరికి వచ్చే మనిషితో ఒక చిన్న టేపు పంపిండు. దానికి అరచెయ్యంత స్పీకరు. అప్పటినుంచి మూడు నాలుగు నెలలకు ఒక క్యాసెట్టు వచ్చేది. అన్నీ ఒక్క తీరుగనే ఉండేవి. "బాపూ, దండం. అవ్వా, దండం. నేను మంచిగున్న. మీరు మంచిగున్నరనుకుంట." తర్వాత బాయి మోటరు, దాని తర్వాత బర్రె, ఆ తర్వాత అత్తమ్మ మోకాళ్ల నొప్పి, ఆడబిడ్డ పిల్లలు, వానలు. ఆఖరుకు "అందరిని అడిగిన అని చెప్పుండ్రి." ఆ అందరిలో నేనొకదాన్ని. తల్లిదండ్రులు వినే టేపులో పెండ్లాం ముచ్చట తీసే రివాజు మా ఇండ్లల్లో లేదు గనుక ఆయనను తప్పుపట్టేది ఏమీ లేదు. అందరూ లేచి పోయినంక నేను టేపును వంటింట్లకు తీసుకపోయి, సౌండు సన్నగ పెట్టి, కూరగాయలు కోసుకుంట మళ్లీ వినేదాన్ని. "అందరిని" అన్న దగ్గర ఆపి, వెనుకకు తిప్పి, మళ్లీ వినేదాన్ని. మోటరు అనే మాట తర్వాత ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటడో, బర్రె సంగతి నడుమ ఎక్కడ దగ్గుతడో నాకు నోటికొచ్చు. నలభై ఆరు దినాల మొగుడు మెల్లమెల్లగ ఆ అరచెయ్యంత డబ్బాలకు చేరిండు.

మూడో ఏడు ఆయన రెండు పెద్ద స్పీకర్లు పంపిండు. నల్లటి గుడ్డ కట్టి, ఒక్కొక్కటి మా వడ్ల కుండంత ఉండె. వాటితో వచ్చిన క్యాసెట్టుల బర్రె ముచ్చట అయినంక ఇట్ల అన్నడు: "స్పీకర్లు రెండు పంపుతున్న. సౌండును పెంచి స్పీకర్లకు అందిచ్చే పెట్టె వేరే ఉంటది, దాన్ని ఆంప్లిఫైయర్ అంటరు. అది బరువు, పంపరాదు. కరీంనగర్‌ల దొరుకుతది. ఏది పడితే అది తేవద్దు, స్పీకర్లకు జోడు కుదరాలె. ఇంట్ల చదువచ్చినోళ్లు చూసి ఏరుండ్రి."

మా మామ మీసం సవరించుకొని "నన్నే అన్నడు" అన్నడు.

"నీకొచ్చింది ఒక్క సంతకం," అన్నది అత్తమ్మ. "అది గూడ పెట్టినప్పుడల్లా ఒక్కో తీరుగ ఉంటది. పిల్లనన్నడు."

పిల్ల అంటే నేను. మూడేండ్లల్లో ఆయన నాకోసమని అన్న మొదటి మాట అదే. ఆ నాడు కూరలో ఉప్పు రెండుసార్లు వేసిన, అయినా అందరూ తిన్నరు. ఆయన వచ్చేదాకా నన్ను నమ్మి ఒప్పజెప్పిన పని అది ఒక్కటే గనుక, అది తప్పిపోతే నేను ఆయనకు ఏమీ కాకుండ పోతనని నాకు లోపల భయం పట్టుకున్నది. ధర్మపురి నర్సింహస్వామికి మొక్కుకున్న, సరైన పెట్టె నా కంటబడేటట్టు చెయ్యి తండ్రీ అని. (స్వామికి అడవులు, రాక్షసులు ఎరుక గాని ఆంప్లిఫైయర్లు ఎరుకనో లేదో అని అప్పుడు తోచలే.)

జోడు కుదరాలె అన్నడు గనుక స్పీకర్లనే దుకాణానికి తీసుకపోవాలని నేను అన్న. రెండింటికి దుప్పట్లు కట్టి, ఒకటి అత్తమ్మ, ఒకటి నేను ఒళ్లో పెట్టుకొని కరీంనగర్ బస్సుల కూర్చున్నం. కండక్టరు చూసి "ఏందమ్మా, కవలలా?" అన్నడు. "నా కొడుకు పంపిండు," అన్నది అత్తమ్మ. బస్సు గుంతల ఎగిరినప్పుడల్లా నేను దాని మీద చెయ్యి వేసి పట్టుకునేదాన్ని. అప్పటికి నా ఒళ్లో కూర్చున్నది అది ఒక్కటే.

దుకాణం సేటు మర్యాదస్తుడు. మాకు స్టూళ్లు వేయించి, స్పీకర్ల వెనుక అంటించిన కాగితం చదివి "మంచి మాల్ అమ్మా. దీనికి దమ్మున్న పెట్టె కావాలె. నాలుగు తీర్లున్నయి, వినుండ్రి" అని ఒకదాని తర్వాత ఒకటి తగిలించి ఏదో పాట పెట్టిండు. నాకు నాలుగూ ఒక్క తీరుగనే గట్టిగ వినబడ్డయి. ఏది మంచిదంటే ఏం చెప్పాలె? నా మొఖం చూసి సేటుకు అర్థమైనట్టుంది. "పాటతోని తెల్వదమ్మా. మీకు బాగ ఎరుకున్న గొంతు క్యాసెట్టు ఏదన్న ఉంటే ఇయ్యుండ్రి. ఎరుకున్న గొంతయితే తేడా మీకే దొరుకుతది."

ఆయన ఏం చెప్పిండో సేటుకు వినిపిద్దామని ఆ క్యాసెట్టును సంచిలో పెట్టుకొనే వచ్చిన. తీసి ఇచ్చిన. ఇంటి ముచ్చట్లు బజారుల వినబడుతయని ఆలోచన రాలే.

మొదటిది పెండ్లి పందిళ్లకు కట్టే మైకు సెట్టు పెట్టె. "బాపూ, దండం" అనేసరికి దుకాణం అద్దాలు అదిరినయి. రోడ్డు మీద పోయే ఇద్దరు ముగ్గురు ఆగి లోపలికి తొంగిచూసిండ్రు. మా ఆయన ఓట్లకు నిలబడ్డ మనిషి లెక్క అయిండు. "గిట్లైతే ఊరంత వచ్చి దండం పెడుతది, వద్దు," అన్నది అత్తమ్మ.

రెండోది మహా గంభీరంగ పలికింది. రేడియో బాగుచేయించుకోను వచ్చి పక్కన నిలబడ్డ, తలకు రుమాలు చుట్టిన పెద్దమనిషి ఒకాయన "పిలగాడు బాయిల పడ్డట్టున్నడు, తియ్యుండ్రి బయటికి" అన్నడు. అప్పటికి టేపు "బర్రె ఈనిందా?" దగ్గరికి వచ్చింది. పెద్దమనిషి అత్తమ్మ దిక్కు తిరిగి "ఈనిందా మరి?" అని అడిగిండు.

"ఈనింది. దున్న పుట్టింది."

"అయ్యో. పాలన్న ఇస్తున్నదా?"

"పూటకు మూడు సేర్లు."

"నయమే."

"జర ఆగుండ్రి పెద్దయ్యా," అన్నడు సేటు. "ఈడ బర్రె బేరం కాదు నడిచేది."

మూడోది పెట్టంగనే దుకాణం నెమ్మదించింది. మాట గట్టిగ లేదు, మెత్తగ లేదు. మా వెనుక ఎవరో స్టూలు జరుపుకొని కూర్చొని మాట్లాడినట్టు ఉండె. అత్తమ్మ లేచి నిలబడ్డది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "గిదే. గిదే నా కొడుకు" అన్నది. నాకు మాత్రం ఎవరో ఎరుకలేని మగమనిషి పక్కకు వచ్చినట్టయింది. గొంతు బరువు, దాని అడుగున జర గరుకు. నాకు తెలియకుండనే తల మీద కొంగు సవరించుకున్న.

"కాదత్తమ్మా," అన్న. "ఆయన గొంతు గింత మొద్దుగ ఉండది."

నాలుగోది చిన్నది, తక్కువ రకంది. దాంట్లకెల్లి సన్నగ, ముక్కుతోని, వెనుక నూనె మసిలినట్టు ఒక చప్పుడు పెట్టుకొని ఆయన మాట వచ్చింది. మోటరు అన్నడు, ఊపిరి తీసుకున్నడు, నా పాణం లేచొచ్చింది. అన్నం కుతకుతలు, కత్తిపీట, మా వంటింటి గోడ అన్నీ ఆ గొంతుతోనే వచ్చినయి. "ఇదే అన్నా," అన్న సేటుతోని.

సేటు నెత్తి పట్టుకున్నడు. "అమ్మా, గింత పెద్ద స్పీకర్లకు గిది సాలది. మనిషికి సర్ది పట్టినట్టు వస్తున్నది."

"మా ఆయన గొంతే అంత."

"నీ మొగునికి సర్ది లేదు పిల్లా," అన్నడు రుమాలు పెద్దమనిషి, "గా మూడోది మంచిగున్నది." దుకాణంలో ఉన్నవాళ్లందరూ మూడోదానికే తల ఊపిండ్రు. నేను తల వంచుకొని నాలుగోదాని మీద చెయ్యి తీయలే. అంత మొండితనం నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ ఎరుకలేదు. అత్తమ్మ నన్ను చాలాసేపు చూసింది. కడుపున కని, ముప్పై ఏండ్లు ఆ గొంతు విన్న మనిషి. "కాపురం చేసేది అది," అన్నది ఆఖరుకు. "దానికే ఎరుక. గదే కట్టుండ్రి."

ఇంటికి తెచ్చి, పూసలల్లిన గుడ్డ పరిచి, దాని మీద పెట్టెను పెట్టినం. శనివారం దీపం పెట్టినప్పుడు భజనల క్యాసెట్టు వేసేదాన్ని. భజనలు పాడేవాళ్లు అందరికి అందరు సర్ది పట్టినట్టే వినబడేవాళ్లు. భక్తితోని గొంతు పూడుకపోయింది అనుకొని దండం పెట్టుకునేదాన్ని.

కార్తీకంల ఒక పొద్దటిపూట బియ్యంల రాళ్లు ఏరుతున్న. వాకిట్ల "అవ్వా" అని ఎవరో మగమనిషి పిలిచిండు. నేను కొంగు కప్పుకొని, పెరటి దిక్కు తిరిగి "అత్తమ్మా, ఎవరో వచ్చిండ్రు" అని కేకేసిన. అత్తమ్మ బర్రె దగ్గరినుంచి పేడ చేతులతోనే ఉరికొచ్చింది. పిలుపు వినంగనే ఆమెకు ఎరుకైంది. నేను తల ఎత్తి చూసేసరికి ఆయన గడప మీద నిలబడి "నేనే" అన్నడు. బరువైన గొంతు, అడుగున జర గరుకు. చేతుల ఉన్న బియ్యం మళ్లీ చాటల పడ్డయి.

అన్నం తినేటప్పుడు ఆయన అదే చెప్పి నవ్వించిండు, "మూడేండ్లకు ఇంటికొస్తే ఎవరో వచ్చిండ్రన్నది" అని. మామ పొలమారేటట్టు నవ్విండు. నేనూ నవ్విన. నవ్వి, దేవుని అర్రలకు పోయి, మంచిగ వెలుగుతున్న దీపం ఒత్తిని జర సేపు సవరించిన. మొగుని గొంతు గుర్తుపట్టని పెండ్లాం కోసం ఏ వ్రతంలనూ కథ లేదు.

ఆ సాయంత్రం ఆయన స్పీకర్ల ముందట కూర్చొని తన క్యాసెట్టే వేసుకొని విన్నడు. విని ఆపిండు. "గిదేంది, నాకు సర్ది పట్టిందా? గీ పెట్టె ఎవరు ఏరిండ్రు?"

నేను నోరు తెరిచిన. అంతలనే అత్తమ్మ, వక్క కత్తిరించుకుంట, తల ఎత్తకుండనే "నేనే ఏరిన" అన్నది. "నీ పెండ్లాం పెద్దది తీసుకుందామన్నది. నేనే వద్దన్న."

"అవ్వా, కన్న కొడుకు గొంతు గూడ మరిచినవా?"

"మూడేండ్లాయె బిడ్డా," అన్నది ఆమె. "మరిచిన."

అంతే. ఆ తర్వాత ఆమె బతికినన్ని రోజులు ఆ సంగతి నాతోని ఒక్కసారి గూడ ఎత్తలే. కోపంల గూడ ఎత్తలే. రోజూ దీపం పెట్టి పేర్లు తలుచుకునేటప్పుడు దేవుళ్ల తర్వాత మొదటి పేరు ఆమెదే నాకు. రెండు దినాలకు ఆయన ఆ పెట్టెను పట్టుకొని కరీంనగర్ పోయి, దాన్ని ఇచ్చి మూడోదాన్ని తెచ్చిండు. సేటు ఆయనకు ఏమన్న చెప్పిండో లేదో నాకు ఎరుకలేదు. వచ్చినంక మాత్రం నా దిక్కు చూసి ఊకెనే నవ్విండు, ఆ రోజు నాతోని మామూలుకన్న నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడిండు. రెండు నెలల సెలవంత నేను పని చేసుకుంటనే చెవులు ఆయన దిక్కు పెట్టి, ఆ గొంతును మొదటినుంచి నేర్చుకున్న. నేర్చుకునేసరికి మళ్లీ బొంబాయి బండి వచ్చింది. ఇట్ల నేర్చుకునుడు, మళ్లీ డబ్బాల వినుడు పదమూడేండ్లు నడిచింది.

ఇప్పుడు ఆయన ఇంటికాడనే ఉంటున్నడు. టేపు ముందట గంట మాట్లాడే మనిషి, ఎదుట మనిషి ఉంటే దినానికి పది మాటలు దాటడు. "అద్దాలేవి" అంటడు. నేను "ఆఁ?" అంట. మళ్లీ జర గట్టిగ "నా కండ్లద్దాలు ఎక్కడున్నయే" అంటడు. అప్పుడు చెప్త. నాకు చెవులు మందగించినయని ఆయనకు ఒకటే ఫికర్. పిల్లలకు ఫోను చేసి చెప్పిండు, చెవుల డాక్టరు దగ్గర పేరు రాయించి వచ్చిండు. నర్సింహస్వామి దయవల్ల నా చెవులకు ఏమీ కాలే, పెరట్ల పిట్ట వాలినా వినబడుతది. ఆ సంగతి చెప్పిన్నంటే ఆయన ఏదైనా ఒక్కసారే చెప్పి ఊకుంటడు. రేపు డాక్టరుకు ఏం చెప్పాలెనో ఇంకా తోచలే. "పది గంటలకు పోదాం" అని ఆయన పొద్దటినుంచి నాకు మూడుసార్లు చెప్పిండు.