పదకొండు రోజులు దాచిన మాట

పొద్దున్నే ఆరున్నరకి ఫోను మోగితే ఇదివరకు మా ఆయనే ఎత్తేవాడు. నేను పొయ్యి దగ్గరుంటే, గడ్డానికి సబ్బునురగతోనే మా చెల్లితో కబుర్లు చెప్పేవాడు. ఈ పదకొండు రోజులుగా నేనే ఎత్తుతున్నాను. అప్పుడు పొయ్యి మీద ఏముందో కూడా గుర్తుండదు.

మా ఆయన ఫ్యాన్ల మెకానిక్కు. పెద్ద చదువు లేదు. నేనూ ఐదో తరగతితో సరి. మా అమ్మ పోయేనాటికి చెల్లికి ఆరేళ్ళు, నా పెళ్ళయ్యాక నాతోపాటే వచ్చేసింది. ఎవరైనా వెటకారం చేస్తే ఆయన, "ఒకర్ని అడిగితే ఇద్దర్నిచ్చారు, నాకేం నష్టం" అనేవాడు. సన్నగా ఉంటుందని దాన్ని పుల్ల అని పిలిచేవాడు. అది కట్టుడుపళ్ళు చేసే చదువుకి పరాయి దేశం పోతానంటే నేను వద్దన్నాను. ఆయనే, "వెళ్ళనీవే. అదొచ్చేసరికి నా పళ్ళన్నీ ఊడగొట్టుకుని కూర్చుంటా. మొదటి బేరం నాదే" అన్నాడు.

రెండేళ్ళు రోజూ మొహాలు చూసుకునే వీడియో ఫోన్లే. దాని గదిలో ఉండే ముగ్గురు స్నేహితురాళ్ళకీ మన భాష రాదు, ఈయనకి వాళ్ళ భాష రాదు. అయినా పేర్లు పెట్టేశాడు: ఒకామె బండమ్మ, ఒకామె కళ్ళద్దాలు, ఇంకొకామె నిద్రమొహం. ఈయనేమో వాళ్ళందరికీ బావ.

ఆ రోజు ఎవరింట్లోనో ఫ్యాను బిగించి, నిచ్చెన దిగి, మంచినీళ్ళడిగాడట. ఆ ఇంటావిడ గ్లాసుతో వచ్చేలోపే పోయాడు. గుండె అన్నారు. చెప్పడానికొచ్చిన మనిషితో నేను, "కూర్చోండి, ఆయనొచ్చే వేళయింది" అన్నానట. నాకు గుర్తులేదు.

చెల్లికి అప్పుడే చివరి పరీక్షలు. మా ఆయన అన్నగారు, "ఇప్పుడు చెబితే రెండేళ్ళ చదువు మట్టిలో కలుస్తుంది. వచ్చాక చూద్దాం" అన్నారు. సరేనన్నాను. ఆయనకి దూరంగా మిల్లులో పని దొరికిందనీ, అక్కడ ఫోను పట్టదనీ చెల్లికి చెప్పాను. నేనెప్పుడూ అబద్ధమాడలేదు కాబట్టి నమ్మింది.

నిన్న దాని ప్రయాణం. ఫోను ఎత్తితే గది నిండా పెట్టెలు, ఖాళీ అరలు. ముగ్గురూ వరసగా నిలబడ్డారు.

"అక్కా, బావని పిలువు. ఇవాళైనా వచ్చాడా? వీళ్ళు వారం నుంచి ఒక ముక్క బట్టీ పడుతున్నారు."

"రాలేదే."

"సరే, నువ్వే విని చెప్పు" అంది నవ్వుతూ. ముగ్గురూ ఒక్కసారే, తడబడుతూ, "బావా, మా పుల్ల జాగ్రత్త" అన్నారు. అని చప్పట్లు కొట్టారు.

ఎలా వచ్చిందో నా నోటికి, "మీ బావ లేడే" అనేశాను.

"లేడనేగా చెప్పావు. ఏం, నీ మీద అలిగాడా?"

"లేడే. పోయాడు."

అది అలాగే చూస్తోంది. వెనకాల వాళ్ళకేం అర్థం కాలేదు. బండమ్మ ఇంకా చేతులూపుతోంది. నిద్రమొహం ముద్దులు విసురుతోంది. ఆ నవ్వుల మధ్య మా చెల్లి మొహం సున్నంలా పాలిపోయింది.

"ఎప్పుడు?"

"పదకొండు రోజులు."

"మొన్న పరీక్ష బాగా రాశానంటే బావ సంతోషపడ్డాడని కబురొచ్చిందన్నావు కదక్కా."

"అన్నాను."

"ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ."

"నాకు తప్ప."

"పరీక్ష పోతుందని..."

"పోతే మళ్ళీ రాసేదాన్ని కదక్కా."

అది వెనక్కి తిరిగి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. చేతులు ఆగిపోయాయి. కళ్ళద్దాలావిడ నేల మీద కూలబడింది. రెండేళ్ళ స్నేహానికి వీడ్కోలు చెప్పుకోవాల్సిన గంట అది. ఎవరూ ఎవరికీ ఏం చెప్పుకోలేదు. బండమ్మ మాత్రం వచ్చి దాని పెట్టె మూత వేసింది.

"విమానం దాకా ఈమె వస్తుంది, భయపడకు" అంది చెల్లి. ఏడవలేదు. "బావ సామాన్లు తీసేశారా?"

"చాలావరకు. కిటికీ దగ్గర బల్ల మీద విప్పిన ఫ్యాను అలాగే ఉంది. నువ్వొచ్చేలోగా సర్దమన్నారు."

"సర్దకు. ఎలా వదిలాడో నేను చూడాలి. ఇంకేదీ దాచకు."

ఇవాళ పొద్దున తోడికోడలు గోనెసంచీ, తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. "లే, ఖాళీ చేద్దాం. పిల్ల చూస్తే తట్టుకోలేదు."

"తట్టుకోకపోతే ఏడుస్తుంది, ఏడవనీ అక్కా" అన్నాను. సంచీ మడిచి ఆమె చేతిలోనే పెట్టాను.

బల్ల మీద మూడు రెక్కలు, సగం చుట్టిన రాగితీగ, గ్రీజు మరకల గుడ్డ. అన్నిటి మీదా దుమ్ము. తుడవలేదు.