వెనక నుంచి ఒక కేక

కొత్త షటిల్ డబ్బా మూత తీయగానే ఒక వాసన వస్తుంది. బాతు ఈకలూ జిగురూ కలిసిన వాసన. ఏ ఊళ్లో, ఏ దేశంలో ఆడుతున్నా అది ముక్కుకు తగిలితే చాలు, నేను గోదావరిఖనిలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లోకి వెళ్లిపోతాను. అక్కడ నెట్ దగ్గర, నాకు వీపు చూపిస్తూ స్వరూపక్క నిలబడి ఉంటుంది. డబుల్స్‌లో ఆమె నా మొదటి జోడీ, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. ఆమె ముఖం కంటే వీపే నాకు ఎక్కువ తెలుసంటే నవ్వుతారు గానీ, నిజం. వెనక ఆడేవాళ్ల బతుకంతా ముందున్నవాళ్ల వీపు చూస్తూనే గడుస్తుంది. ఆ వీపును చూస్తూనే నేను ఆట నేర్చుకున్నాను.

నెట్ దగ్గర ఆమెను చూడాలి. ఎన్నడూ వెనక్కి తిరిగేది కాదు. షటిల్ తలమీదుగా పోయిందంటే ఇక అది నాదే. నేనెక్కడున్నానో నా బూట్ల చప్పుడును బట్టి కనిపెట్టేది. నేను కొట్టింది ఎక్కడికి తిరిగొస్తుందో, అక్కడ అప్పటికే ఆమె రాకెట్ లేచి ఉండేది. స్మాష్ కొట్టి చప్పట్లు కొట్టించుకునేది నేను. ఆ స్మాష్‌కు దారి చేసిపెట్టేది ఆమె. చూసేవాళ్లకు ఆ సంగతి తెలిసేది కాదు, ఆమెకు ఆ పట్టింపూ లేదు. వెనక్కి చూడకుండా నన్నెట్లా నమ్ముతావని ఒకసారి అడిగాను. "నువ్ గాక ఇంకెవరున్నరే ఆడ?" అంది. అంతే. 

మా జోడీలో ఒక వింత ఉండేది. ఆడుతున్నప్పుడు ఇద్దరికీ నోరు పెగిలేది కాదు. డబుల్స్‌లో వెనకున్నవాళ్లు అరవాలి, ఇది నాదని, అది వదలమని. మాకు ఆట నేర్పిన మూర్తి సార్ కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు. డ్యూటీ దిగి సాయంత్రాలు హాలుకు వచ్చేవారు. "డబుల్సంటే నోరున్నవాళ్ల ఆటమ్మా. మీరిద్దరూ మౌనవ్రతం పట్టి ఆడతారేంటి?" అని తల పట్టుకునేవారు. ఆయనకు తెలియనిది ఒకటుంది. మా ఇళ్లలో బొగ్గుగనికి బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవరు. సద్ది డబ్బా మరిచిపోయినా సరే, పక్క సందులోంచి పరుగెత్తి, ముందుకు పోయి ఎదురుగా నిలబడి ఇవ్వాలి. మా కాలనీ పిల్లలం పరుగు నేర్చుకున్నదే అట్లా. ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు కోర్టులో మాత్రం ఎట్లా పోతుంది?

రాష్ట్ర జట్టు ఎంపిక పోటీల్లో, సార్ పోరు పడలేక, మొదటిసారి నోరు తెరిచాను. ఆఖరి గేమ్, పాయింట్లు సమానంగా ఉన్నాయి. షటిల్ స్వరూపక్క నెత్తిమీదుగా వస్తోంది. "అక్కా, వదులు" అని అరిచాను. ఆమె వదలడం కాదు, ఉన్నచోటే కొయ్యబారిపోయింది. నేను కొట్టిన షటిల్ తిరిగొచ్చి ఆమె కాళ్ల దగ్గర పడినా కదలలేదు. ఆ తర్వాత రాకెట్ ఆమె చేతిలో ఉందన్న మాటే గానీ, ఆట లేదు. ఓడిపోయాం. నెల తర్వాత ఇంకొక ఎంపిక ఉంది, అదే ఆఖరిదని చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుని, డబుల్స్ ఇక తనవల్ల కాదని, ఇంకో జోడీని చూసుకొమ్మని చెప్పింది. ఆమె వయసుకు ఈ అవకాశం పోతే మళ్లీ రాదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న మల్లయ్య కాక క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. గనిలో ఒక కాలు నుజ్జయి, చేతికర్రతో నడిచేవాడు. ఏమైందని ఆయన అడిగితే, స్వరూపక్క ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్నది చెప్పేసింది. చిన్నప్పుడు ఒక పొద్దున, సందు చుట్టి పరుగెత్తడానికి బద్ధకించి, డ్యూటీకి పోతున్న నాన్నను వాకిట్లోంచే పిలిచిందట. ఆ రోజే గని పైకప్పు కూలి ఆయన కాలు నలిగిపోయింది. ఆ కాలును అట్లా చేసింది తన గొంతేనని ఆమె నమ్మకం. అందుకే వెనక నుంచి కేక వినబడితే ఆమె ఒళ్లు ఆమె మాట వినదు.

కాక చేతికర్రను పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"నువ్ పిలిస్తె నేను ఆగిన బిడ్డా. సద్ది తీసుకున్న, నీ ముక్కు తుడిచిన. గట్ల ఆలస్యమైంది. బొగ్గుబాయిల ఎప్పుడు ముందు నడిచేటోణ్ణి, ఆ పూట ఆఖర్ల నడిచిన. నా జాగల లచ్చన్న నడిచిండు. ఆయన మళ్ల రాలె. నువ్ పిలవకుంటె నేను లేను. లచ్చన్న పేరు ఎత్తలేక గిన్నేండ్లు చెప్పలె. నీ మనసుల గిది ఉన్నదని నాకేం ఎరుక?"

స్వరూపక్క ఏడవలేదు. కింద కూర్చుని, వంకరపోయిన ఆ కాలి మీద చెయ్యి వేసింది. ఏడ్చింది నేను.

అంతటితో భయం ఎగిరిపోయిందంటే అది కట్టుకథ అవుతుంది. మర్నాడు హాల్లో నెట్ దగ్గర నిలబడి, పిలవమంది. పిలిచాను. మళ్లీ కొయ్యబారింది. "మళ్ల పిలువు" అంది. ఆమె మెడ వెనక చెమట పట్టడం, భుజాలు బిగుసుకోవడం నాకు కనిపిస్తూనే ఉండేవి. నాకే జాలి వేసి ఆపేస్తే, "పిలువుమంటి గద" అని కసిరేది. రోజూ అదే తంతు. ఆ తర్వాత పెద్ద పెద్ద ఆటగాళ్లతో ఆడాను, పేరున్నవాళ్లను దగ్గర నుంచి చూశాను. తన భయానికి తానే వీపు అప్పగించి రోజూ నిలబడిన మనిషిని మాత్రం ఇంకొకరిని చూడలేదు.

ఆఖరి ఎంపికలో నా కేక వినగానే ఆమె చటుక్కున వంగింది. షటిల్ ఆమె జడ మీదుగా నా దగ్గరికి వచ్చింది. కొట్టాను. అది తిరిగి రాలేదు. మూర్తి సార్ పెద్దరికం మరిచి కుర్చీ ఎక్కి గంతులేశారు. అక్కడి నుంచి దేశమంతా తిరిగాం, సముద్రాలు దాటాం, గెలిచిన చోట గెలిచాం, చిత్తుగా ఓడిన చోట ఓడాం. మోకాలు ఇక మొరాయించేదాకా ఆమె నా ముందు నిలబడే ఉంది.

ఇప్పుడు నాకు వేరే జోడీ. స్వరూపక్క అదే హాల్లో ఆడపిల్లలకు ఆట నేర్పుతుంది. బయటినుంచి వింటే లోపల అంగడి జరుగుతోందనుకుంటారు, అన్ని కేకలు. నేను టోర్నమెంటుకు బయలుదేరే పొద్దున బస్టాండుకు వస్తుంది, కావాలనే ఆలస్యంగా వస్తుంది. నేను బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతుంటే వెనక నుంచి "ఓ రజితా" అని కేక వేస్తుంది. పక్కనున్న అవ్వలు ఇదేం అపశకునమని ఆమెను కొరకొర చూస్తారు. నేను ఆగుతాను. వెనక్కి మాత్రం తిరగను. చెయ్యి వెనక్కి చాపుతాను. సద్ది డబ్బా వచ్చి అందులో పడుతుంది, ఇంకా వెచ్చగా.