షేర్పా అయితే బస్తా లేవదా?

మా చిన్నప్పుడు... వడ్లు కల్లంలో ఉండగానే చలి దిగేది. అలాంటి ఒక పొద్దున కామారెడ్డి బస్సులోంచి స్వెట్టర్ల మూటలతో ఆలుమగలిద్దరు ఎల్లారెడ్డిలో దిగారు. చలికాలం పోయేదాకా మా ముందర గది కిరాయికి కావాలన్నారు.

మా అవ్వకు లోకమంతా అనుమానమే. కొత్తవాళ్లు మంచినీళ్లడిగినా ముందు "ఎవరోళ్లు? ఏ ఊరోళ్లు?" అని అడిగేది, ఆ తర్వాతే చెంబు. వీళ్లనూ అడిగింది. "షేర్పా" అన్నాడాయన.

షేర్పాలంటే హిమాలయాల్లో బరువులు మోసేవాళ్లని మా బడి సారు చెప్పాడు. వాడంతా నమ్మింది. అవ్వకు మాత్రం అనుమానం ఇంకా ముదిరింది... "గుట్టలెక్కేటోనికి ఈ పొలాలకాడ ఏం పని?"

నన్ను నిఘాకు పెట్టింది. వాళ్ల పొయ్యి మీద ఎప్పుడు చూసినా ఆలుగడ్డలే. అదీ అనుమానమే! "రోజూ గవ్వే తింటరా ఎవలన్న?"

ఒకరోజు వడ్లకు లారీ వచ్చింది, హమాలీలు రాలేదు. అవ్వ ఆయన్ని పిలిచింది. పాపం, కాదనలేక వంగాడు... బస్తా మోకాలిదాకా లేచి జారి పిగిలింది. వడ్లన్నీ నేలపాలు.

"షేర్పా అయితే బస్తా లేవదా? దొంగపేరు చెప్పిండు వీడు! రేపే గది ఖాళీ చెయ్యుండ్రి" అంది అవ్వ. వాడలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. గది పోతే ఆ సరుకు పెట్టుకునే చోటు లేదు, వాళ్ల చలికాలం బేరం మొత్తం పోయినట్టే. నాకు ఏడుపొచ్చింది.

ఆయన భార్య కింద కూర్చుని వడ్లు ఎత్తుతూ హిందీలో చెప్పింది... షేర్పా అంటే మోసేవాడు కాదట. వాళ్ల భాషలో 'షర్' అంటే తూర్పు, 'పా' అంటే మనుషులు. ముత్తాతలు ఎప్పుడో కొండల అవతల తూర్పు నుంచి వచ్చారట, అందుకే ఆ పేరు. కొండలెక్కేది కొందరేనట. "మా ఆయనకు మిద్దె ఎక్కాలన్నా భయమే" అంది.

అవ్వ కూడా వంగి వడ్లు ఎత్తసాగింది.

"నన్ను గూడ గిట్లనే డోంగ్లామె అంటరు బిడ్డా... పెండ్లయి డోంగ్లి ఊరికెల్లి వచ్చిన్నాటి సంది గదే పిలుపు" అంది. మళ్లీ అనుమానంగానే, "గది సరే... నీ అసలు పేరేంది?"

"పసాంగ్. అంటే మా భాషలో శుక్రవారం, ఆ రోజే పుట్టిన. మీ పేరు అవ్వా?" అందామె.

అవ్వ చుట్టూ ఉన్న మా అందరినీ ఓసారి చూసింది. "నర్సవ్వ" అంది, మెల్లగా. నేను ఆ పేరు వినడం అదే మొదలు. పక్కింటివాళ్లూ ముఖాలు చూసుకున్నారు.

గది ఖాళీ చేయించలేదు.

ఇప్పుడు కిరాయికిచ్చేవాళ్లు ఫోన్లో ఆధార్ ఫొటో చూస్తే చాలు... ఎవరోళ్లని అడిగేవారే లేరు. పిలవడానికి ఫ్లాటు నంబరు ఉందిగా!

మీ వాడలోనూ ఊరిపేరుతోనే బతుకు గడిపేసిన అవ్వ ఉండే ఉంటుంది... ఆమె అసలు పేరు తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే, ఆమె ఉండగానే వెళ్లి అడగండి.