టెక్కలి ముసలమ్మ పేరూ, మీట లేని కార్డూ

సునామీ నీళ్ళు అండమాన్ దీవిలో, బాంబూఫ్లాట్‌ అనే ఊళ్ళో మా వీడియో కొట్టు మెట్టుదాకా వచ్చి, లోపల చూడదగ్గది ఏమీ లేదనుకున్నాయో ఏమో, వెనక్కి పోయాయి. ఆ కొట్టును నిలువునా ముంచినంత పని చేసిన ఘనత మరుసటి ఏడాది నాకే దక్కింది. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా ఆవిడ సత్యవతి ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

నా దగ్గర ఒక పాత హోం కంప్యూటర్ ఉండేది. కీబోర్డు డొక్కలోనే యంత్రమంతా ఇమిడిపోయి, టీవీకి తగిలిస్తే పనిచేసే రకం. పెళ్ళి క్యాసెట్ చివర బంధువుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కింది నుంచి పైకి నడిపించడం దాని ఉద్యోగం. మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడెక్కి రాలేని చుట్టాలందరి పేర్లూ వేయించి, క్యాసెట్ వాళ్ళకి పంపడం మావాళ్ళ మర్యాద. మనిషి రాకపోయినా పేరు వచ్చిందంటే పెళ్ళికి వచ్చినట్టే. పేరు రాలేదా, రెండు తరాలు మాటలుండవు.

సునామీకి ఆగిపోయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆ యంత్రం ఒక పేజీ పేర్లు తయారు చేసేలోపు నేను భోంచేసి, ఒక కునుకు తీసి వచ్చేవాణ్ణి.

"కొత్త కంప్యూటర్ కొనండి" అంది సత్యవతి.

"కొత్తది ఎవడైనా కొంటాడు. పాతదానికి వేగం పెంచే కార్డులున్నాయి, తెలుసా?"

"ముసలి ఎద్దుకి కొత్త గంట కడితే దున్నుతుందా?"

నేను వింటానా? విశాఖపట్నంలో పాత సామాన్లమ్మే సూరిబాబుకి ఫోన్ చేశాను.

"రెండున్నాయి అన్నయ్యా. చిన్నది పక్కన గుచ్చుకోడమే. మీట నొక్కితే మళ్ళీ పాత స్పీడుకి వచ్చేస్తాది. పెద్దది భలే స్పీడు గానీ, లోపలి చిప్పు పీకేసి ఆ జాగాలో పెట్టాలి. మీటా గీటా ఉండదు."

"వేగం కొనుక్కుని, మీట నొక్కి ఆపుకోవడమేమిట్రా! పెద్దదే పంపు."

"పాత ప్రోగ్రాములకి అది..."

"ఓడ వెళ్ళిపోతుందిరా, పంపు!"

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు పెద్దలు. ఆ పెద్దలకి కంప్యూటర్ల గురించి ఏం తెలుసులే అనుకున్నాను.

కార్డు ఎవరో చుట్టం సంచిలో, ఆవకాయ సీసా పక్కన పడుకుని ఓడ దిగింది. నేను స్క్రూడ్రైవర్‌తో పాత చిప్పును పెకిలించాను. దాని కాళ్ళు నాలుగైదు విరిగిపోయాయి. దాంతో ఇక పనేముందని చెత్తబుట్టలో పడేశాను. కొత్త కార్డు పెడితే కన్ను మూసి తెరిచేలోపు పేజీ తయారు!

"చూశావా!" అని గంతేశాను.

"పేర్లు నడిపించి చూశారా?"

"అవి ఎప్పుడూ నడిచేవేగా!" అన్నాను.

ఆ మధ్యాహ్నమే కాంట్రాక్టరు అప్పన్నగారు వచ్చారు. ఆయన కూతురి పెళ్ళి క్యాసెట్ మర్నాటి ఓడకి వెళ్ళాలి. ఆయన తల్లి టెక్కలిలో మంచం పట్టి ఉంది. మనవరాలి పెళ్ళికి ఎలాగూ రాలేకపోయాను, టీవీలో నా పేరైనా చూస్తానని పట్టుబట్టింది. ఆ ఓడ తప్పితే మళ్ళీ నెలకే.

దర్జాగా ఆయనకి టీ ఇచ్చి, బటన్ నొక్కాను. తెర మీద సర్రుమని ఏదో పైకెగిరి మాయమైంది.

"ఏటది భయ్యా? దోమలా?"

"పేర్లండి."

"ఎవులివి?"

"అందరివీనండి."

"మరి మా అమ్మ పేరేదీ?"

"అందరికంటే ముందు వెళ్ళిపోయిందండి."

"నోరు ముయ్యి! బతికున్న మడిసిని పట్టుకుని!"

ఆ పాత ప్రోగ్రాముకి గడియారం లేదు. చిప్పు ఎంత నిదానంగా లెక్కపెడితే పేర్లు అంత నిదానంగా నడుస్తాయి. ఇప్పుడు చిప్పుకి పూనకం వచ్చింది. ఆపుదామంటే మీట లేదు. పాత చిప్పు పెడదామంటే దానికి కాళ్ళు లేవు. కొండనాలుకకి మందేస్తే ఉన్న చిప్పు ఊడింది. ఇంకో పదిసార్లు నొక్కాను. పదిసార్లూ దోమలే.

"జల్దీ ఏదోటి సెయ్యి భయ్యా. వచ్చే ఓడకి మా అమ్మ ఉంటాదో ఉండదో" అన్నారాయన. నాకు సిగ్గేసింది, అంతకు మించి నా మీద నాకే ఒళ్ళు మండింది.

సత్యవతి తను ట్యూషన్ చెప్పే పిల్లల నల్లబోర్డు తెచ్చి గోడకి ఆనించి, సుద్దముక్క తీసుకుంది.

"పేర్లు చెప్పండి బాబాయ్. ఏమండీ, ఆ గంతులు ఆపి కెమెరా పట్టుకోండి."

దీవిలో హిందీ మీడియం చదివిన నా తెలుగు రాత కోడి కెలికినట్టుంటుంది. ఆవిడ విజయనగరంలో చదువుకున్న మనిషి. గుండ్రంగా, ముత్యాల్లా రాసింది. ఆవిడ రాయడం, నేను తీయడం, ఆవిడ తుడవడం, మళ్ళీ రాయడం. చీకటి పడేసరికి చుట్టాలందరూ అయ్యారు. క్యాసెట్ ఓడెక్కింది.

కొన్నాళ్ళకి అప్పన్నగారు మిఠాయి పొట్లంతో దిగారు.

"మా అమ్మ ఫోన్లో ఏడిసేసింది భయ్యా. ఇన్ని పెళ్ళిళ్ళ క్యాసెట్లు సూసింది గానీ, ఇంగిలీసులో ఏసిన తన పేరు ఒక్కపాలీ సదవలేదంట. ఈపాలి ఎవుల్నీ అడక్కుండా తనే సదూకుంది. మళ్ళీ మళ్ళీ ఏయించుకుని సదూకుంది."

నేను పొట్లం అందుకున్నాను.

"టెక్కలోళ్ళందరూ అడగమన్నారు. అంత మంచి తెలుగు రాసే కంప్యూటరు ఏ ఊర్నించి తెప్పించావు?"

సత్యవతి వైపు చూశాను. "విజయనగరం నుంచండి" అన్నాను.

కాబట్టి మహాజనులారా, బంగాళాఖాతం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మీట ఉన్నదాన్ని కాదని మీట లేనిదాన్ని ఈ జన్మలో కొనను. సత్యవతి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యబోతే ఆవిడ చప్పున తల పక్కకి తప్పించింది.

"నా మీదొద్దు. ఆ కార్డు మీద వేసుకోండి. రేపు మీరు మాట తప్పినా, పోతే అదే పోతుంది."